ఎర్ర బటన్ ఎవరు నొక్కారు?

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని ఎవరైనా నోరారా పలికి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. వీధి మొత్తానికి ఆవిడ మోటారత్త. వాళ్ళ మోటారు గది సరిగ్గా రోడ్డు పక్కన ఉండడమే దానికి కారణం. పొద్దున్నే ఆవిడ వెళ్ళి బటన్ నొక్కిందంటే ఆ ముసలి మోటారు ముందు దగ్గేది, తర్వాత గురక పెట్టేది, ఆపైన గొంతెత్తి అరిచేది. ఆ అరుపుకి లేవనివాడు వీధిలో లేడు. "అత్తా, ఆదివారం కూడానా!" అని కిటికీల్లోంచి విసుక్కునేవాళ్ళు. "మొక్కలకి ఆదివారం లేదురా సన్నాసీ" అని ఆవిడా అంతే గట్టిగా జవాబిచ్చేది. ఆవిడ నోటికి వీధంతా భయపడేది. భయపడుతూనే ఏ ఇంట్లో ఏ ఆపద వచ్చినా ముందు ఆవిడ గుమ్మమే తొక్కేది.

మోటారు గదిలో గోడకి ఒక ఇనుపపెట్టె, దాని మీద రెండు బటన్లు. పచ్చది నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి పచ్చ బటన్ ఆవిడది, ఎర్ర బటన్ ఆయనది. ఇదేమీ కూర్చుని రాసుకున్న ఒప్పందం కాదు. ఆవిడ పచ్చది నొక్కేసి ఇంటి పనికి పోయేది. ఆయన పార పట్టుకుని చేలో ఉండేవాడు. ఒక్కో సాలుకీ నీళ్ళు మళ్ళించుకుంటూ పల్లానికి దిగేవాడు. చిట్టచివరి సాలు కడుపునిండా తాగాక పార భుజాన వేసుకుని గట్టెక్కి వచ్చి, ఎర్రది నొక్కి, గుమ్మంలో నిలబడి "ఆపేశా" అనేవాడు. ఆ మాట వినపడగానే ఆవిడ కంచం పెట్టేది. ఇన్నేళ్ళలో ఆవిడ వేలు ఎర్ర బటన్‌ని తాకలేదంటే నమ్మండి.

అసలు ఆ ఇంటివాళ్ళ పద్ధతే అంత. ఆయన తండ్రి నాటి నుంచీ ఒకటే మాట: తెరిచినవాడు ఇంకో పని మీద పోవాలి, చూసినవాడు మూయాలి. పాలు పొయ్యి మీద పెట్టేది ఒకరు, పొంగుతుంటే దించేది ఎవరు చూస్తే వాళ్ళు. గేటు తీసేది ఒకరు, వేసేది ఇంకొకరు. బయటివాళ్ళకి ఇదేం సంసారంరా అనిపించేది గానీ, వాళ్ళకి మాత్రం ఎప్పుడూ పాలు పొంగిపోలేదు, గొడ్డు గేటు దాటి పోలేదు. ఎవరో ఒకరు చూసేవాళ్ళు మరి.

ఆయన పోయిన ఏడాది వానలకి ముందు పోయాడు. జ్వరమన్నారు, రెండు రోజుల్లో తగ్గుతుందన్నారు. తగ్గలేదు.

తర్వాత ఇంట్లో పంచాయతీ పెట్టారు. పంచాయతీ అంటే పెద్ద జనమేం కాదు. పట్నంలో ఆఫీసు ఉద్యోగం చేసుకునే కూతురు, వీధి చివర ఉండే మరిది, ఈవిడ. మరిది బస్సు కండక్టరు. అన్నకి అచ్చుగుద్దినట్టుంటాడు, మాటలు మాత్రం అన్నలో సగం. "అమ్మా, ఎకరంన్నర చేను ఒక్కదానివే ఎలా చేస్తావు? వచ్చి నా దగ్గర ఉండు" అంది కూతురు. "చేను నేను చూసుకుంటా వదినా, పంట మీకే పంపిస్తా" అన్నాడు మరిది. ఇద్దరిదీ మంచి మనసే. ఈవిడకి మాత్రం ఒళ్ళు మండి, మరిది వైపు తిరిగింది.

"నేనేమన్నా మంచాన పడ్డానా? ఈ ఒక్క టమాటా పంట నన్ను చేయనివ్వండి. మొదటి కోత నిండుగా ఇంటికొచ్చిందా, మళ్ళీ నా జోలికి ఎవరూ రావద్దు. రాలేదా, తాళంచెవులు నీ చేతిలో పెట్టి దీనితో బస్సెక్కుతా. అంతవరకూ ఎవరి సాయమూ నాకక్కర్లేదు. చెప్పకుండా చేలో అడుగు పెడితే కాళ్ళు విరగ్గొడతా."

సరేనన్నారు. కాళ్ళమీద తీపి ఎవరికుండదు!

ఒంటరి సేద్యం కష్టమని ఆవిడకి తెలుసు. కష్టం ఎక్కడుంటుందో మాత్రం తెలియలేదు. బరువులు మోయడంలో ఉంటుందనుకుంది. అది కాదు. గోనెసంచీ మూతి పట్టుకునే రెండో మనిషి లేకపోవడంలో ఉంది. ఎరువు పోయబోతే సంచీ ముడుచుకుంటుంది, సంచీ పట్టుకుంటే ఎరువు పోసే చెయ్యి ఉండదు. చివరికి గోడకి రెండు మేకులు కొట్టి సంచీని వాటికి తగిలించింది. మేకులు సంచీని పట్టుకున్నాయి గానీ "ఇంక చాల్లే" అని చెప్పలేదు, సగం ఎరువు నేలపాలైంది. నారు నాటడానికి తాడు కడితే అటు చివర పట్టేవాడు లేక సాళ్ళు పాము పాకినట్టు వచ్చాయి. మందు డబ్బా వీపుకి ఎక్కించుకోవాలంటే గట్టు మీద పెట్టి, కింద కూర్చుని, పట్టీలు తగిలించుకుని లేవాలి. ఒకసారి లేవలేక అలాగే కూర్చుండిపోయి, తన అవస్థకి తనకే నవ్వొచ్చి, పడీపడీ నవ్వింది. ఒంటిచేత్తో చప్పట్లు కొట్టమంటే ఎవరికి మాత్రం వస్తుంది?

ఇవన్నీ ఎలాగో నెట్టుకొచ్చింది. అసలు తిరకాసు నీళ్ళ దగ్గర వచ్చింది.

పచ్చ బటన్ నొక్కి, పార తీసుకుని, ఇప్పుడు ఆవిడే చేలోకి దిగేది. సాలుకి నీళ్ళు పెట్టి, నిండాక మట్టి వేసి కట్టి, తర్వాతి సాలుకి పోవాలి. చూడ్డానికి ఇంతే. కానీ ఆయన వేసిన మట్టి నిలిచేది, ఈవిడ వేసింది ఈవిడ వీపు తిప్పగానే తెగేది. చేను నడుమ నుంచి పల్లం, కింద నిలబడితే పైన మోటారు గది కనిపించదు. వినిపించదు కూడా, ఎందుకంటే చేనుకి ఆనుకుని కర్రల మిల్లు ఉంది. అక్కడ రంపం తిరగడం మొదలైతే పక్కన పిడుగు పడ్డా తెలియదు.

మొదటిసారి అలా కిందికి దిగి చివరి సాళ్ళ దగ్గర నీళ్ళ కోసం ఎదురుచూసింది. వచ్చే ధార సన్నబడింది, బొట్లుబొట్లుగా మారింది, ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని ఎక్కి వచ్చి చూస్తే గదిలో బల్బు వెలుగుతోంది. మోటారు ఆగి ఉంది. మళ్ళీ పచ్చది నొక్కి దిగేసరికి నిజంగానే కరెంటు పోయింది. చేలకి కరెంటు ఇచ్చేదే పొద్దున్న కాసేపు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. లైన్‌మన్‌ని పిలిపించింది. అతను పెట్టె విప్పి, ఊది, తుడిచి, మళ్ళీ బిగించి, "స్టార్టరు బంగారంలా ఉందమ్మా, దానంతట అది ఆగదు. ఎవరో ఒకరు నొక్కాల్సిందే" అన్నాడు.

"ఎవరు నొక్కుతారయ్యా? ఉన్నది నేనొక్కదాన్ని."

"అయితే మీరే నొక్కి ఉంటారు" అన్నాడు అతను, చాలా మర్యాదగా.

ఆ మాట ఆవిడ గుండెలో రాయి వేసింది. ఎందుకంటే వాళ్ళమ్మ చివరి రోజుల్లో అలాగే అయింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, అసలు వేయలేదని వాదించేది. తలుపు గడియ పెట్టి, తలుపు ఎవరు పెట్టారని ఏడ్చేది. కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు, ఎవరి పిల్లవి?" అని అడిగింది. మోటారత్తకి చావంటే భయం లేదు. ఆ ప్రశ్న తను ఎవరినైనా అడగాల్సి వస్తుందేమోనని మాత్రం చచ్చేంత భయం. పంట పోతే చేను పోతుంది. బుర్రే పోతే? అప్పుడు కూతురి ఇంట్లో ఉన్నా తెలియదు, ఇంకెక్కడున్నా తెలియదు.

తనని తాను పరీక్షించుకుంది. పచ్చ బటన్ నొక్కగానే కొంగుకి ముడి వేసేది, ఎర్రది నొక్కితేనే విప్పాలని నియమం. పల్లం నుంచి ఎక్కి వచ్చి చూస్తే మోటారు ఆగి ఉండేది, ముడి ముడిలాగే ఉండేది. అంటే నేను నొక్కలేదు. లేకపోతే నొక్కి, ముడి విప్పడం మర్చిపోయానా? ఆ అనుమానం ఒక్కటి చాలు, ముడికి విలువ లేకుండా పోవడానికి. పైగా వారంలో ఒకరోజు మోటారు ఆగేదే కాదు! ఆ రోజు మట్టి తెగిన చోట నీళ్ళు రోడ్డెక్కి, వీధంతా బురదై, స్కూటర్లవాళ్ళు ఆవిడ వంశాన్ని తలుచుకుంటూ పోయేవాళ్ళు. ఆరు రోజులు ఎవరో ఆపుతున్నారు, ఏడో రోజు ఎవరూ ఆపడం లేదు. ఇదేం లెక్క?

ఈలోపు మొక్కల ఆకులు పసుపెక్కడం మొదలైంది. రోడ్డు మీద నుంచి చూసినవాళ్ళు "అత్తా, నీళ్ళెక్కువయ్యాయి, తగ్గించు" అనేవాళ్ళు. కర్రల మిల్లు ఓనరు గోడ మీంచి తొంగి చూసి "ఏంటమ్మా, మొక్కల్ని ఎండగడుతున్నావు! నీళ్ళు పెట్టు" అనేవాడు. ఎవరి మాట వినాలి? ఒకరోజు తగ్గించింది, ఒకరోజు పెంచింది. చివరికి అక్కడో ఆకు ఇక్కడో ఆకు తుంపి సంచీలో వేసుకుని ఎరువుల కొట్టుకి పోయింది. కొట్టాయన ఆకుల్ని బల్ల మీద పరిచి రెండు కుప్పలు చేశాడు.

"ఇవి నీళ్ళెక్కువై కుళ్ళుతున్నాయమ్మా. ఇవి నీళ్ళు చాలక మాడుతున్నాయి. రెండు చేలా మీకు?"

"ఒకటే నాయనా."

కొట్టాయన ఆకుల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, బుర్ర గోక్కున్నాడు. "ఇంట్లో ఇంకెవరైనా ఉంటే ఓసారి పంపండి" అన్నాడు. ఆవిడ ఆకులన్నీ మళ్ళీ సంచీలో కుక్కుకుని, ఏమీ కొనకుండానే వచ్చేసింది.

ఆ రోజు మోటారు గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. నేను నొక్కడం లేదు. స్టార్టరు దానంతట అది ఆగడం లేదు. మరి ఈ ఇంట్లో ఎర్ర బటన్ ఎవరిది?

ఆ ఆలోచన రాగానే ముందు తన నెత్తిన తనే మొట్టికాయ వేసుకుంది. ఛ, బుర్ర ఉన్నవాళ్ళు అనుకునే మాటేనా! కానీ వచ్చిన ఆలోచన కదలనంది. అలా అనుకుంటే భయం తగ్గింది కూడా. ఒళ్ళు చల్లబడినట్టు, ఎవరో పక్కన కూర్చున్నట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి కోసమే మళ్ళీ మళ్ళీ అనుకుంది.

ఇక ఆ మర్నాటి నుంచి పోట్లాట మొదలైంది. ఆగిన మోటారు ముందు నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఆపితే ఆపారు, చివరి సాలు తడవనివ్వరా?" అని నిలదీసేది. "ఉన్నన్నాళ్ళూ నింపాదిగా ఉండి, పోయాక ఈ తొందరేంటి?" ఆయన ఏనాడూ చివరి సాలు తడవకుండా ఆపిన మనిషి కాదు. అది ఆవిడని కాస్త తికమక పెట్టింది. పెడితే పెట్టనీ అనుకుంది. ఏడో రోజు మోటారు ఆగనప్పుడు, "సెలవు తీసుకున్నారా దొరగారు" అని నవ్వుకుంది. కంచం పెట్టుకుని కూర్చుంటే "ఆపేశా" అన్న మాట చెవిలో పడ్డట్టే ఉండేది. కూతురు ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా?" అంటే "బానే ఉన్నామే" అంది ఒకసారి. "ఎవరెవరమ్మా?" అంది పిల్ల.

తర్వాత రోజుల్లో కూతురు రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఇవాళ ఏ వారం అని అడిగేది, పొద్దున్న ఏం తిన్నావని అడిగేది. ఈవిడ తిక్కగా జవాబిచ్చేది గానీ, ఎందుకడుగుతోందో అర్థమయ్యేది. మొదటి కోతకి వస్తున్నానని, చిన్న గది సర్ది ఉంచానని చెప్పింది. గది సర్దడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు కదా.

కోత దగ్గరపడిన వారంలో, ఒక పొద్దున్న ఆవిడ చేను నడుమ ఉండగా పార తలకాయ ఊడి చేతిలో కర్ర మిగిలింది. ఇంట్లో ఇంకో పార ఉందని గట్టెక్కి వస్తోంది. అప్పుడే మోటారు గొంతు తెగినట్టు ఆగిపోయింది. తలెత్తి చూసింది.

గదిలో, వెలుగుకి అడ్డంగా, వీపు. ఆ భుజాలు, కాస్త కుడికి వంగిన ఆ మెడ, గోడకి చెయ్యి ఆన్చి నిలబడే ఆ తీరు.

ఆవిడకి భయం వేయలేదు. ఆశ్చర్యం కూడా కలగలేదు. ప్రాణం లేచొచ్చింది. కర్ర పారేసి, చెప్పులు బురదలో వదిలేసి, పరుగులాంటి నడకతో గుమ్మం దాకా వచ్చి, "ఏమండీ" అంది.

వీపు తిరిగింది. మెడలో టికెట్ల సంచీ వేలాడుతోంది. మరిది.

ఆవిడ "ఏమండీ" అన్న మాట ఇద్దరి మధ్యా ఎటూ పోలేక అక్కడే ఉండిపోయింది.

"నేను వదినా" అన్నాడు మరిది, ఆవిడకి తెలియనట్టు.

"నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"నీళ్ళు రోడ్డెక్కుతుంటే... మీరు మర్చిపోయారేమోనని..."

"రోజూనా?"

మరిది నేల చూశాడు. "డ్యూటీ ఉన్న రోజుల్లో. ఆ ఒక్కరోజు సెలవు కదా, ఇటు రాను. పిలిచి చెప్పాలనే ఉండేది. కాళ్ళు విరగ్గొడతానన్నారు కదా అని... మోటారు ఆడుతోంది, మీరెక్కడా కనిపించరు, రోడ్డంతా నీళ్ళు. లోపల ఏ పనిలోనో ఉండి మర్చిపోతున్నారనుకున్నా. చూసి ఆపకుండా ఎలా పోతాను? మనింట్లో ఎవరం పోతాం?"

అది నిజమే. ఆ ఇంట్లో పుట్టినవాడెవడూ పోడు. ఆవిడ పల్లంలో నిలబడి ఎదురుచూస్తుంటే, ఇతను పైన నిశ్శబ్దంగా ఆపేసి బస్సుకి పోయేవాడు. నొచ్చుకుంటుందేమోనని చెప్పేవాడు కాదు. పిచ్చనుకుంటారేమోనని ఆవిడా ఎవరినీ అడగలేదు. పైన మొక్కలు కుళ్ళుతుంటే కింద మొక్కలు మాడుతున్నాయి.

"నేను కిందే ఉన్నాను" అంది ఆవిడ. "రోజూ కిందే ఉన్నాను. నీళ్ళ కోసం చూస్తూ."

మరిది పల్లం వైపు చూశాడు, కాళ్ళ కింద బురద వైపు చూశాడు. విషయం ఒక్కొక్కటే అర్థమవుతుంటే మొహం పాలిపోయింది. "అయ్యో వదినా! మీకు మతిమరుపు మొదలైందని పట్నంలో పాపకి నేనే చెప్పాను. రోజూ మోటారు మర్చిపోతున్నారని. అందుకే అది గది..." అని తల పట్టుకున్నాడు.

మామూలుగా అయితే ఆవిడ అక్కడికక్కడే అతన్ని ఉతికి ఆరేసేది. తిట్లు గొంతు దాకా వచ్చాయి కూడా. "ఒరే, నీ మొహం మండా" అని మొదలుపెట్టి, ఎందుకో ఆపేసి, బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా, చిన్నపిల్లలా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మీ బుర్రకేం కాలేదు వదినా" అన్నాడు మరిది కంగారుగా, ఓదార్చడం చేతకాక. "ఏడవకండి. మీరు బాగున్నారు. నేనే వెధవని. ఇవాళే పాపకి ఫోన్ చేసి అంతా చెప్తా. చేను మీదే. పంట చెడితే అది నా తప్పు, మీది కాదు. ఇంక తాళంచెవుల మాటెత్తితే నా మీద ఒట్టు. మీకేం కాలేదు, చూడండి!"

చూసింది. ఏం కాలేదు. లైన్‌మన్ చెప్పింది నిజమే, దానంతట అది ఆగదు. తను నొక్కలేదన్నదీ నిజమే. వాళ్ళమ్మ అడిగిన ఆ ప్రశ్న తను ఎవరినీ అడగక్కర్లేదు. చేను ఉంది, బుర్ర ఉంది. ఇంతకంటే ఏం కావాలి? మరి ఇంత చల్లటి వార్త విని ఈ ఏడుపు ఎందుకు ఆగడం లేదు? అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. పిచ్చి కాదని తేలిన ఆ క్షణంలోనే ఆయన లేడని కూడా తేలిపోయింది. పోయిన ఏడాది జనం మధ్య, హడావుడిలో, ఎవరో చెప్తే విన్నది. ఇవాళ తన కళ్ళతో చూసింది.

మరిది గడియారం చూసుకున్నాడు. బస్సు వేళ దాటిపోతోంది. అయినా కదల్లేదు. పచ్చ బటన్ మీద చెయ్యి పెట్టి, "మోటారు వెయ్యమంటారా? ఇప్పుడు వేస్తే కింది సాళ్ళకి కొంచెమైనా అందుతాయి" అని అడిగాడు.

"వెయ్యి" అంది ఆవిడ, మొహం తుడుచుకుంటూ.

మోటారు దగ్గి, గురక పెట్టి, అరవడం మొదలుపెట్టింది. దాని మీదుగా మరిది గట్టిగా అన్నాడు: "రేపటి నుంచి నేనిటు రాను వదినా. మీరే వేసుకోండి, మీరే ఆపుకోండి. నాకు బుద్ధొచ్చింది."

"రావద్దని ఎవరన్నార్రా? రోజూ రా. ఆ మట్టి ఎలా కడితే నిలుస్తుందో మీ అన్న చేస్తుంటే చూసే ఉంటావు, నాక్కాస్త చూపించు."

మరిది మొహం విప్పారింది. సంచీ సర్దుకుని గుమ్మం దాటుతుంటే ఆవిడ మళ్ళీ పిలిచింది.

"ఒక్క మాట. వచ్చేటప్పుడు రోడ్డు మీద నుంచే 'వదినా' అని కేకేసి రా. నేను పలికేదాకా గదిలోకి రాకు. ఇలా వీపు తిప్పి మాత్రం నాకు కనపడకు."

అతనికి ఆ చివరి మాట అర్థం కాలేదు. అయినా సరేనని తలూపి, బస్సు అందుకోవడానికి పరుగెత్తాడు. ఆవిడ అటు చూడకుండా, ఊడిన పార కర్ర వెతుక్కుంటూ చేలోకి దిగింది.